వద్దన్న రూపాయి: మన్యంలో బాకీలు ఎందుకు తీరలేదు?

మన్యం చరిత్ర అనగానే మనకు పితూరీలు గుర్తుకొస్తాయి. రంప, గూడెం, జోడేఘాట్, శ్రీకాకుళం కొండలు కళ్లముందు మెదులుతాయి. ఆ వీరుల గురించి చెప్పుకోవడం మన ధర్మం. కానీ ఆ తిరుగుబాట్ల వెనక ఏళ్లతరబడి ఇంటింటా సాగిన కథ ఒకటుంది. అది బాకీ కథ. అందులో చరిత్ర పుస్తకాలు పెద్దగా పట్టించుకోని ఒక చిన్న సంగతి ఉంది. అప్పు తీసుకున్నవాడు చేతికొచ్చిన నాలుగు రూపాయలు పట్టుకుని వెళ్తే, అప్పిచ్చినవాడు పుచ్చుకోకపోవడం.

వినడానికి వింతగా ఉంటుంది. డబ్బు ఇస్తానంటే ఎవరైనా వద్దంటారా? అన్నారు. ఎందుకన్నారో, మన పెద్దలు దానికి ఏం చేశారో, చట్టం ఎప్పుడెప్పుడు ఏమందో యువతకు చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాం. దీనికి మరో కారణం కూడా ఉంది. "మనవాళ్లకు లెక్క తెలియదు, అప్పులు తీర్చలేక భూములు పోగొట్టుకున్నారు" అనే మాట మైదానంలోనే కాదు, చదువుకున్న మన పిల్లల నోటా వినిపిస్తోంది. ఆ మాట ఎంతవరకు నిజమో చూడాలి.

అప్పు పుట్టిన తీరు

మన పెద్దల బతుకు పోడుమీద, అడవిమీద నడిచింది. చోళ్లు, సామలు, కందులు, వలిసెలు పండించేవారు. చింతపండు, కరక్కాయలు, అడ్డాకులు, ఇప్పపూవు, నల్లజీడి పిక్కలు ఏరి తెచ్చేవారు. ఉప్పు, గుడ్డ, ఇనుము మాత్రం బయటినుంచి రావాలి. వాటికోసం వారం వారం సంతకు దిగేవారు. ఎక్కువ లావాదేవీలు సరుకుకు సరుకే.

నగదు అవసరం మూడు దారుల్లో వచ్చింది. ఒకటి, శిస్తు, అటవీ పన్నులు, జరిమానాలు. అధికారులు వాటిని రూపాయల్లోనే అడిగారు. రెండు, వానాకాలం ఆకలి. పాత గింజ అయిపోయి కొత్త గింజ ఇంటికి రాని రోజుల్లో సావుకారు దగ్గర గింజలు తెచ్చుకునేవారు. కోతలయ్యాక తీసుకున్నదానికి సగమో, అంతకు అంతో కలిపి కొలవాలి. దీన్నే కొన్నిచోట్ల నాము అనీ, కొన్నిచోట్ల నాగు అనీ అంటారు. మూడు, పెళ్లి, చావు, రోగం, పండగ. సారా అప్పు కూడా ఉండేది, దాన్ని దాచాల్సిన పనిలేదు. అయితే మన్యంలో సారా దుకాణం పెట్టినవాడూ, అప్పు ఇచ్చినవాడూ, పంట కొన్నవాడూ చాలాచోట్ల ఒక్కడే అన్న సంగతి కూడా మరవకూడదు.

ఈ అప్పులన్నీ మొదట చిన్నవే. ఐదు, పది, ఇరవై రూపాయలు, లేదా కొన్ని కుంచాల గింజలు. ఒక మంచి కారు పంటతో తీరిపోవలసినవి. మరి రెండు తరాలదాకా ఎందుకు సాగాయి?

కొంత ఇస్తానంటే ఎందుకు వద్దన్నారు

అప్పు తీసుకున్నవాడికి బాకీ బరువు. అప్పిచ్చినవాడికి అది పట్టు. పట్టు సడలడం అతనికి ఇష్టం ఉండదు. దీనికి నాలుగు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది భూమి. అప్పు కింద మడి చెక్కను సావుకారు స్వాధీనంలో పెడితే, వడ్డీ బదులు దాని పంట అతనే తినేవాడు. అసలు మొత్తం ఒకేసారి చేతిలో పెడితేనే భూమి తిరిగి వస్తుంది. కొంత పుచ్చుకుంటే, మిగిలిన కొంత కూడా ఏదో ఒకరోజు వస్తుంది. అప్పుడు మడి వదలాలి. అందుకని "అంతా తెచ్చినప్పుడు చూద్దాంలే" అని పంపించడమే అతనికి లాభం.

రెండోది మనిషి. అప్పుకు బదులుగా పనిచేసే మనిషి దొరికాక, అతను తెచ్చే రూపాయికంటే అతని కష్టం విలువైనది.

మూడోది సరుకు. చింతపండు మీద, మిరపకాయల మీద, కందుల మీద ముందుగానే బయానా ఇచ్చి ధర కట్టేవారు. అప్పు నగదుగా తీరిపోతే ఆ సరుకు సంతలో ఎవరికైనా అమ్ముకోవచ్చు. అప్పు ఉన్నంతకాలం అతనికే కొలవాలి, అతని కుంచంతోనే కొలవాలి. వడ్డీలో వచ్చే లాభంకంటే కొలతలో, ధరలో వచ్చే లాభం ఎక్కువ.

నాలుగోది రాత. డబ్బు పుచ్చుకుంటే జమ రాయాలి, నోటు వెనక చెల్లు వెయ్యాలి. అది సాక్ష్యమవుతుంది. పుచ్చుకోకపోతే రాయక్కర్లేదు. పుచ్చుకుని కూడా రాయకపోవడం మరో పద్ధతి. "పద్దు పుస్తకం ఊళ్లో లేదు, తర్వాత రాస్తాను" అనే మాటతో ఎన్ని జమలు గాలిలో కలిసిపోయాయో లెక్కలేదు.

దీనివల్ల ఎంత తేడా వస్తుందో ఒక లెక్క వేసి చూద్దాం. ఇది కేవలం ఉదాహరణ. సులువుగా ఉండటానికి నేటి పైసల్లో చెబుతున్నాం. అసలు 100 రూపాయలు, ఏడాదికి వడ్డీ 24 రూపాయలు అనుకోండి. ఏడాది చివర బాకీదారు 50 రూపాయలు తెచ్చాడు. పుచ్చుకుంటే 24 వడ్డీకి పోతుంది, 26 అసలులో తగ్గుతుంది. మిగిలేది 74. రెండో ఏడాది మరో 50 ఇస్తే మిగిలేది 41 రూపాయల 76 పైసలు. మూడో ఏడాది ఇంకో 50 ఇస్తే మిగిలేది 1 రూపాయి 78 పైసలు. మూడు పంటలతో బాకీ దాదాపు తీరిపోయినట్టే.

ఇప్పుడు అదే మనిషి తెచ్చిన 50 రూపాయలను ప్రతి ఏడాదీ వద్దన్నారనుకోండి. వడ్డీని అసలులో కలుపుకుంటూ పోతే మూడేళ్లకు బాకీ 190 రూపాయల 66 పైసలు అవుతుంది. వద్దన్న 50 ఇంట్లో నిలవదు. జ్వరం వస్తుంది, ఎద్దు చస్తుంది, చుట్టాలొస్తారు. పేదింట్లో రూపాయి ఏడాదంతా కూర్చోదని అప్పిచ్చినవాడికి బాగా తెలుసు. మనిషీ అదే, కష్టమూ అదే, తెచ్చిన డబ్బూ అదే. పుచ్చుకున్న చోట రుణం తీరింది, వద్దన్న చోట రెట్టింపుకు చేరింది. "లెక్క తెలియక పోగొట్టుకున్నారు" అనేవాళ్లకు ఈ లెక్క చూపించండి.

రంప కొండల్లో కోర్టు కాగితం

1839లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరుకు ఏజెంటుగా నియమించి ఆయన చేతికి అప్పగించారు. 'ఏజెన్సీ' అనే పేరు మనకు అలా వచ్చింది. గోదావరి జిల్లాలోని రంప ప్రాంతం మాత్రం అప్పట్లో ఆ ఏర్పాటులో లేదు. అక్కడివారి మీద దావా వెయ్యాలంటే మైదానంలోని సివిలు కోర్టులో వెయ్యవచ్చు.

మైదానం వ్యాపారులు దీన్ని వాడుకున్నారు. కొండవారితో తమకు అనుకూలమైన ఒప్పందాలు రాయించుకోవడం, దూరాన ఉన్న కోర్టులో దావా వెయ్యడం, ప్రతివాది రాకపోతే ఏకపక్ష డిక్రీ తెచ్చుకోవడం, ఆ కాగితంతో వచ్చి పశువులనూ గింజలనూ జప్తు చెయ్యడం మామూలైపోయింది. కొద్దిపాటి బాకీకి దానికి ఎన్నో రెట్ల విలువైన సొత్తు పోయేది. కోర్టు ఎక్కడుందో, సమను ఏమిటో తెలియని మనిషి ఆ తేదీకి ఎలా వెళ్తాడు? కొంత తెచ్చి ఇస్తానన్నా వినే చోటు అతనికి ఎక్కడుంది?

1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో మొదలైన రంప పితూరీకి కల్లు మీద వేసిన పన్ను, మన్సబుదారు దోపిడీ, పోలీసుల దౌర్జన్యం ముఖ్య కారణాలు. వాటితోపాటు ఈ డిక్రీల జప్తులు కూడా ఒక కారణమని ఆనాటి ప్రభుత్వ విచారణే ఒప్పుకుంది. కారం తమ్మన్నదొర వంటి నాయకుల వెంట జనం నడిచింది ఒక్క కల్లు పన్ను కోసమే అనుకోవడం సగం చరిత్రే అవుతుంది. పెరట్లోంచి ఎద్దును తోలుకుపోతుంటే చూస్తూ నిలబడాల్సి వచ్చినవాళ్లు కూడా అందులో ఉన్నారు.

1917: వడ్డీకి గట్టు

రంప తర్వాత నలభై ఏళ్లకు మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం చేసింది. అది 1917 నాటి ఒకటో చట్టం. యువత ఈ చట్టంలో నాలుగు మాటలు గుర్తుపెట్టుకోవాలి.

కొండజాతి మనిషి మీద ఏడాదికి నూటికి 24 కంటే ఎక్కువ వడ్డీ చెల్లదు. వడ్డీ మీద వడ్డీ చెల్లదు, వడ్డీ కాక వేరే లాభం కూడా అప్పు పేరుతో పొందకూడదు. మొత్తం వడ్డీ అసలును మించకూడదు. ఏజెంటు లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి అనుమతి లేకుండా కొండజాతి మనిషి భూమి ఇతరులకు బదిలీ అయితే చెల్లదు.

పైన మనం వేసిన లెక్కలోకి ఈ చట్టాన్ని తెచ్చి చూడండి. వడ్డీ మీద వడ్డీ లేకపోతే మూడేళ్లకు బాకీ 172 దగ్గర ఆగుతుంది. ఎన్నేళ్లు గడిచినా 200 దాటదు. వద్దంటూ కూర్చునే సావుకారుకు ఒక గట్టు పడింది. కాగితం మీద ఇది గొప్ప రక్షణ.

కానీ చట్టం కోర్టుకు వచ్చిన బాకీని మాత్రమే చూడగలదు. కోర్టుదాకా రాని బాకీ సావుకారు పద్దులోనే ఉండిపోయింది. 100 ఇచ్చి 150 అని రాయించుకుంటే వడ్డీ పరిమితికి అర్థం ఏముంది? గడువు దాటకుండా మూడేళ్లకోసారి పాత నోటు చించి, వడ్డీ కలిపి కొత్త నోటు మీద వేలిముద్ర వేయించుకుంటే 'అసలు' అన్న మాటే మారిపోతుంది. ఇక్కడ ఒక వింత గమనించాలి. రూపాయలు తీసుకెళ్తే వద్దన్న చెయ్యే, వేలిముద్రకు మాత్రం కాగితం ముందుకు తోసేది.

గోతి, భాగేలా, వెట్టి

బాకీ కింద మనిషే కట్టుబడిపోయే పద్ధతిని విశాఖ మన్యంలో గోతి అన్నారు. అప్పు తీసుకున్నవాడో, అతని కొడుకో సావుకారు ఇంట పనిచేస్తాడు. తిండికి గింజలు, కట్టుకోవడానికి గుడ్డ ఇస్తారు. అతని కష్టం వడ్డీ కింద పోతుంది. అసలు మాత్రం కదలదు. జబ్బుపడి పని మానిన రోజులు, అదనంగా తిన్న గింజలు మళ్లీ బాకీలో చేరతాయి. అసలు చెల్లించాలంటే డబ్బు కావాలి, డబ్బు సంపాదించాలంటే వేరే పనికి వెళ్లాలి, వేరే పనికి వెళ్లడానికి వీల్లేదు. కొంత చెల్లించే అవకాశాన్ని ఇంతకంటే పూర్తిగా మూసేసే ఏర్పాటు మరొకటి ఉండదు. 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో ఈ రుణదాస్యం మీద ప్రత్యేక నిబంధన తెచ్చింది.

గోదావరికి అవతల నైజాం రాజ్యంలో ఇదే పద్ధతి భాగేలా పేరుతో నడిచింది. అక్కడా 1940ల నాటికి ప్రభుత్వం భాగేలా ఒప్పందాలను అదుపుచేసే నిబంధనలు తేవాల్సి వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, నైజాం ప్రభుత్వం ఆదిలాబాద్ గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, భూములు ఎలా చేతులు మారాయో, వ్యాపారుల పద్దుల్లో గోండులు ఎలా చిక్కుకున్నారో రాశారు. ఆ కాలంలోనే మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. తమ భాషలో చదవడం, రాయడం నేర్చుకోవడానికీ బాకీకీ సంబంధం ఏమిటని అడగవచ్చు. తన పద్దులో ఏముందో తాను చదువుకోగల మనిషి పుట్టిన ఊళ్లో, "జమ రాశాలే" అనే మాట అంత సులువుగా చెల్లదు.

స్వతంత్ర భారతంలో 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఈ పద్ధతులన్నిటినీ ఒకేచోట చేర్చి రద్దు చేసింది. ఆ చట్టం నిర్వచనంలో దేశంలోని రకరకాల కట్టుబానిస పద్ధతుల పేర్లు వరసగా ఉన్నాయి. వాటిలో భాగేలా ఉంది, జీతం ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. మన ఊళ్ల మాటలు పార్లమెంటు చట్టంలోకి ఎక్కింది ఇలాంటి దుఃఖం వల్లనే.

ఆ చట్టంలో మన అంశానికి సంబంధించిన మలుపు ఒకటుంది. కట్టుబానిస బాకీ పూర్తిగా రద్దయింది. రద్దయిన ఆ బాకీ కింద అప్పిచ్చినవాడు ఒక్క రూపాయి పుచ్చుకున్నా నేరమే, దానికి మూడేళ్లదాకా జైలు. ఒకప్పుడు తీసుకోనని మొండికేసి మనిషిని కట్టేసినవాడు, ఇప్పుడు తీసుకుంటే శిక్షకు పాత్రుడు. చరిత్ర ఇంతగా తిరగబడిన చోట్లు మన్యంలో తక్కువే.

సంఘం, పోరాటం, నిబంధనలు

1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. మనం జీసీసీ అంటాం. అటవీ సరుకు కొనడం, నిత్యావసరాలు అమ్మడం, సాగుకు అప్పివ్వడం దాని పని. సావుకారు ఒక్కడే కొనేవాడు, ఒక్కడే అప్పిచ్చేవాడు అయినంతకాలం, వద్దన్న రూపాయికి వేరే దారి లేదు. సంతలో రెండో తూకం పెట్టడమే ఆ సంస్థ వెనక ఆలోచన. అన్నిచోట్లా, అన్నికాలాల్లో అది సరిగా నడిచిందని అనలేం. కానీ ఆలోచన సరైనది.

1959లో ఏజెన్సీ భూబదలాయింపు నిబంధన వచ్చింది. 1963లో తెలంగాణ ప్రాంతానికి కూడా దాన్ని వర్తింపజేశారు. ఇందులో 'బదిలీ' అంటే అమ్మకం ఒక్కటే కాదు. స్వాధీనంతోగాని, స్వాధీనం లేకుండాగాని పెట్టిన తాకట్టు, కౌలు, దానం, మార్పిడి అన్నీ బదిలీలే. అంటే బాకీ పేరుతో గిరిజనేతరుడు మన భూమిని పట్టుకుని కూర్చోవడం కూడా చెల్లదు. 1960లో షెడ్యూల్డు ప్రాంతాల వడ్డీ వ్యాపారుల మీద, గిరిజనుల రుణ విముక్తి మీద విడివిడిగా నిబంధనలు వచ్చాయి.

చట్టాలు వచ్చాయి, అమలు రాలేదు. శ్రీకాకుళం కొండల్లో సవర, జాతాపు రైతులు గిరిజన సంఘంగా ఏర్పడి కూలి రేట్లు, తాకట్టు భూములు, పాత బాకీల గురించి అడగడం మొదలుపెట్టారు. ఒంటరిగా వెళ్లి అడిగినప్పుడు గడపదాటి లోపలికి రానివ్వని మాట, పదిమంది కలిసి అడిగితే వినక తప్పలేదు. 1967 అక్టోబరు 31న సభకు వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల వర్గం కాల్పులు జరిపింది. కోరన్న, మంగన్న ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత ఏం జరిగిందో చరిత్రకు తెలుసు.

1970 ఫిబ్రవరిలో భూబదలాయింపు నిబంధనను మరింత గట్టిగా మార్చారు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి దగ్గరనుంచి వచ్చిందనే ముందుగా భావించాలి. కాదని రుజువు చేసుకోవలసింది పట్టుకున్నవాడే. వందేళ్లపాటు రుజువు బరువు మన నెత్తిన ఉంది. ఆ ఒక్క మార్పు దాన్ని అవతలివాడి నెత్తికి మార్చింది.

కొంత చెల్లింపు గురించి చట్టం ఏమంటుంది

ఇక్కడ యువతకు నిజం నిజంగా చెప్పాలి. మామూలు చట్టం ప్రకారం, ఒప్పుకున్న మొత్తంలో కొంత మాత్రమే తెచ్చి ఇస్తే అప్పిచ్చినవాడు తీసుకుని తీరాలనే నియమం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం బాకీదారుకు రక్షణ ఇస్తుంది కానీ, అది షరతులేమీ పెట్టకుండా, సరైన సమయంలో, సరైన చోట, ఇవ్వవలసింది మొత్తం ఇస్తానన్నవాడికి. తనఖా విషయంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం మరో దారి చూపింది. అప్పిచ్చినవాడు పుచ్చుకోకపోతే బాకీ మొత్తాన్ని కోర్టులో జమ చెయ్యవచ్చు, అక్కడితో వడ్డీ ఆగుతుంది. ఇదీ మొత్తానికే.

పేదవాడి దగ్గర మొత్తం ఎప్పుడుంటుంది? ఈ లోపాన్ని గుర్తించి సరిచేసిన చట్టం ఒకటి మన ప్రాంతంలో కాదు, పంజాబులో వచ్చింది. 1934 నాటి పంజాబు రుణభార ఉపశమన చట్టం ప్రకారం బాకీదారు ఎప్పుడైనా, బాకీలో కొంతైనా సరే కోర్టులో జమ కట్టవచ్చు. కట్టినంత మేరకు ఆరోజు నుంచే వడ్డీ ఆగిపోతుంది. వద్దనే అధికారాన్ని అప్పిచ్చినవాడి చేతిలోంచి తీసేయాలంటే ఇదే సరైన దారి. ఇంటి అద్దె విషయంలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇలాంటి దారే చూపింది. ఇంటి యజమాని అద్దె పుచ్చుకోకపోతే బ్యాంకు ఖాతా చెప్పమని నోటీసు ఇవ్వాలి, చెప్పకపోతే మనీయార్డరు చెయ్యాలి, అదీ వద్దంటే అద్దె నియంత్రణాధికారి దగ్గర జమ చెయ్యాలి. మూడు మెట్లలోనూ కాగితం మిగులుతుంది. నేర్చుకోవలసింది ఆ కాగితం గురించే.

ఇవాళ మనం చెయ్యగలిగింది

పద్దు పుస్తకం పోయింది, ఫోను వచ్చింది. బాకీ మాత్రం వేషం మార్చుకుని ఇంకా తిరుగుతోంది. ఇప్పటికీ సంత వ్యాపారి దగ్గర విత్తనాలు, ఎరువులు తెచ్చి పంట అతనికే కొలిచే ఊళ్లున్నాయి. సూక్ష్మరుణ సంస్థలు వచ్చాయి, రుణయాప్‌లు వచ్చాయి. 2010లో సూక్ష్మరుణ వసూళ్ల వేధింపులు పెరిగిపోయి ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. చరిత్ర చెప్పిన పాఠాన్ని ఈ రోజుకు అన్వయించి కొన్ని మాటలు చెబుతున్నాం.

రూపాయి ఇచ్చినా సాక్షి ముందు ఇవ్వండి, రసీదు అడగండి. రసీదు ఇవ్వనివాడికి చేతికి నగదు ఇవ్వకండి, ఖాతాకు పంపండి. ఒకే మనిషికి రెండు మూడు బాకీలుంటే, ఇచ్చేటప్పుడే ఇది ఫలానా బాకీ కింద అని రాతపూర్వకంగా చెప్పండి. చెబితే పుచ్చుకున్నవాడు దానికే జమ వెయ్యాలని కాంట్రాక్టు చట్టమే అంటుంది. చెప్పకపోతే ఎంచుకునే వీలు అతనికి పోతుంది.

వద్దంటే ఊరుకోకండి. ఏ తేదీన, ఎంత తీసుకెళ్లారో, ఎవరి ముందు వద్దన్నారో రాసి, ఒక నకలు అతనికి పంపి, ఒకటి దగ్గర ఉంచుకోండి. ఆ డబ్బును బ్యాంకులోనో, పోస్టాఫీసులోనో విడిగా దాచండి. వద్దన్న రూపాయి ఖర్చయిపోతుందనే ధైర్యమే అవతలివాడి బలమని పైన చూశాం.

పాత నోటు చూపించి కొత్త నోటు మీద సంతకం అడిగితే ఆగండి. పాత నోటు చేతికి రాకుండా, లెక్క చదివి అర్థం చేసుకోకుండా వేలు పెట్టొద్దు. బాకీ కింద కొద్దిగా ఇచ్చి రాతలో ఒప్పుకున్నా గడువు కొత్తగా మొదలవుతుందని తెలుసుకోండి. నిజమైన బాకీ తీర్చడం మన మర్యాద. లేని బాకీకి ప్రాణం పోయడం మన పని కాదు.

సూక్ష్మరుణాన్ని గడువుకు ముందే కట్టేస్తానంటే దానికి జరిమానా వెయ్యకూడదని 2022 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనలు చెబుతున్నాయి. యాప్‌లో తీసుకున్న అప్పయితే, కిస్తీ డబ్బు నేరుగా రుణమిచ్చిన బ్యాంకు లేదా ఫైనాన్సు సంస్థ ఖాతాలోకే వెళ్లాలి, మధ్యవర్తి ఖాతాలోకి కాదు. ఎవరి ఖాతాకో తెలియకుండా డబ్బు పంపితే, "జమ రాశాలే" అన్న పాత మాటే మళ్లీ వినాలి.

న్యాయ సహాయం ఉచితం. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం షెడ్యూల్డు తెగల వారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. మండల, జిల్లా న్యాయసేవా సంస్థలకు వెళ్లండి. రంప కొండల మనిషికి లేని ఈ దారి మనకుంది.

అన్నిటికంటే ముఖ్యం గ్రామసభ. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనులకు అప్పులిచ్చే వ్యాపారం మీద అదుపు పెట్టే అధికారాన్ని గ్రామసభకూ, పంచాయతీకీ ఇవ్వాలని చెప్పింది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో దాని నియమాలు వచ్చాయి. పెసా అనగానే మనం గనులు, ఇసుక గురించి మాట్లాడతాం. ఈ మాట కూడా అందులోనే ఉంది. మీ గ్రామసభలో ఎవరైనా "ఫలానాయన నా డబ్బు పుచ్చుకోవడం లేదు, భూమి వదలడం లేదు" అని లేచి చెప్పారా? చెప్పినా మినిట్స్‌లో రాశారా? రాయించండి. ఊరి పెద్దలు, గోండు పట్లాలు, రాయి సెంటర్లు మనకు కొత్త కాదు. నలుగురి ముందు మాట తేల్చుకోవడం మన పద్ధతే. దానికి ఇప్పుడు చట్టం బలం తోడైంది.

చివరిగా

వందేళ్ల ఈ కథలో ఒకే సంగతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. బాకీని తీరనివ్వకుండా చేసిన ప్రతి పద్ధతీ చాటున నడిచింది. సావుకారు గడపలో, అతని పుస్తకంలో, అందని కోర్టులో, చదవలేని కాగితంలో. ఆ బాకీ వెలుగులోకి వచ్చిన ప్రతిసారీ, అది సంఘం రూపంలో వచ్చినా, చట్టం రూపంలో వచ్చినా, చదువు రూపంలో వచ్చినా, ఆ పట్టు సడలింది.

అందుకే యువతకు ఒక పని అప్పగిస్తున్నాం. ఈ సెలవుల్లో మీ ఊళ్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. తాతలనాటి బాకీ ఎంత, ఎందుకు తెచ్చారు, ఎన్నిసార్లు కట్టబోయారు, ఎవరు వద్దన్నారు, ఏ మడి పోయింది, ఎవరు గోతిలో పనిచేశారు అని అడగండి. పెద్దవాళ్లు సిగ్గుపడి చెప్పకపోవచ్చు. ఆ సిగ్గు వాళ్లది కాదని ముందు వాళ్లకు చెప్పండి. వాళ్లు చెప్పింది రాసి పెట్టండి. సర్వే నంబరు గుర్తుంటే దాన్ని కూడా రాయండి. కొన్ని మడులకు దావా వేసే వీలు ఇంకా ఉండవచ్చు.

మన పెద్దలు బాకీ ఎగ్గొట్టినవాళ్లు కాదు. చేతిలో రూపాయి పట్టుకుని, పుచ్చుకునేవాడు లేక వెనక్కి తిరిగొచ్చినవాళ్లు. ఈ సంగతి తెలిసిన తరం వాళ్లను తలెత్తుకుని తలచుకోవాలి.